పుట్టిల్లు ఒక జిల్లా, అత్తిల్లు ఇంకో జిల్లా: మా పాప కాగితాల కథ

మా పాప పుట్టిన రాత్రి, ఒంటిగంట దాటాక, ఒక సిస్టర్ కేస్ షీటు పట్టుకుని వార్డులోకి వచ్చి "తల్లి పేరేటమ్మా?" అని అడిగింది. నేను సెలైన్ సీసా కింద మగతగా పడి ఉన్నాను. మా అమ్మ ఫ్లాస్కులో వేడినీళ్ల కోసం కిందికి వెళ్లింది. నొప్పులు మొదలయ్యాయని ఫోన్ చేస్తే సాయంత్రం రైలెక్కి వచ్చిన మా అత్తయ్యగారు మంచం పక్కన స్టూలు మీద కూర్చుని ఉన్నారు. ఆవిడ ఎంతో సంతోషంగా మా ఆయన ఇంటిపేరు ముందు పెట్టి నా పేరు చెప్పారు. సిస్టర్ రాసుకుని వెళ్లిపోయింది.

ఆవిడని ఏమనగలను? కోడలంటే వాళ్లింటి మనిషే, ఇంటిపేరూ వాళ్లదే. కానీ నా ఆధార్‌లో, బ్యాంకు పుస్తకంలో, డిగ్రీ సర్టిఫికెట్‌లో ఉన్నది మా నాన్న ఇంటిపేరు. ఆ ఒక్క మాట సరిచేయించడానికి నాకు మూడు నెలలు, ఒక నోటరీ, లెక్కలేనన్ని జిరాక్సులు పట్టాయి.

అత్తగారిది పశ్చిమ గోదావరి జిల్లా, తణుకు దగ్గర పల్లెటూరు. పుట్టిల్లు అనకాపల్లి జిల్లాలో. మా ఆయనకి హైదరాబాద్‌లో ప్రైవేటు ఉద్యోగం. తొలి కాన్పు పుట్టింట్లోనే అన్నది మా రెండు ఇళ్లలోనూ ఎవరూ చర్చించని విషయం. ఏడో నెలలో శ్రీమంతం చేసి పంపించారు, పాపకి ఐదో నెల వచ్చాక తిరిగి తీసుకెళ్లారు. ప్రభుత్వానికి మాత్రం ఈ ఆనవాయితీ తెలియదు. దాని కంప్యూటర్‌లో మనిషంటే ఒక ఇల్లు, ఒక గ్రామ సచివాలయం, ఒక అంగన్‌వాడీ. నెలలు నిండిన పిల్ల పెట్టె సర్దుకుని ఇంకో జిల్లాకి వెళ్లి ఏడు నెలలు ఉండిపోతుందని ఆ కంప్యూటర్ రాసినవాళ్లకి ఎవరూ చెప్పినట్టు లేరు.

2023 డిసెంబరులో నెల తప్పిందని తెలియగానే అత్తగారి ఊరి ఆశ అక్క ఇంటికొచ్చి పేరు రాసుకుంది. తర్వాతి వారం నర్సమ్మ బీపీ, రక్తం చూసి తల్లీబిడ్డల కార్డు ఇచ్చింది. "ఇది పోగొట్టుకున్నావంటే నువ్వు లేనట్టేనమ్మాయ్" అంది. హాస్యానికి అందనుకున్నాను. తర్వాత ఎక్కడికి వెళ్లినా ముందు అడిగింది ఆ కార్డే.

ప్రధానమంత్రి మాతృ వందన యోజన గురించి మొదట చెప్పింది కూడా ఆశ అక్కే. 2017 నుంచి ఉన్న పథకమిది. అప్పట్లో మొదటి కాన్పుకి 5,000 రూపాయలు మూడు విడతల్లో ఇచ్చేవారు. ఇప్పుడు రెండే విడతలు: గర్భం నమోదై కనీసం ఒక చెకప్ అయితే 3,000, పాప పుట్టి, ఆ పుట్టుక నమోదై, మూడున్నర నెలల టీకాల దాకా పూర్తయితే 2,000. రెండో కాన్పుకి ఆడపిల్ల పుడితేనే డబ్బు, అది ఒకేసారి 6,000. రైస్ కార్డు ఉంది కాబట్టి అర్హత విషయంలో మాకు ఇబ్బంది రాలేదు. ఆధార్, కార్డు జిరాక్సు, ఆఖరి నెలసరి తేదీ తీసుకున్నారు. "అకౌంట్ నంబరు వద్దా అక్కా?" అని అడిగితే, "అక్కర్లేదు, ఆధార్‌కి ఏది లింకైతే దాంట్లో పడిపోద్ది" అంది. సరే అని ఊరుకున్నాను. నేను చేసిన మొదటి పొరపాటు అదే. దాని సంగతి తర్వాత చెప్తాను, ఎందుకంటే నాకూ చాలా తర్వాతే తెలిసింది.

పాప 2024 ఆగస్టు మొదటి వారంలో పుట్టింది, ప్రభుత్వ ఆసుపత్రిలోనే. మందులు, పరీక్షలు, భోజనం దేనికీ డబ్బు కట్టలేదు. డిశ్చార్జి రోజు తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్ బండి ఇంటి గుమ్మం దాకా దింపింది. ఆ డ్రైవర్ మా సందు మొదట్లో గుంత దగ్గర బండి ఆపేసి, కిందికి దిగి చూసి, మళ్లీ ఎక్కి, నడిచినంత నెమ్మదిగా పోనిచ్చాడు. "కుట్లున్నాయి కదమ్మా" అన్నాడు వెనక్కి చూడకుండానే. ఆ ఏడాది మొత్తంలో నేను అడక్కుండానే నాకేం కావాలో తెలుసుకున్న ఒకే ఒక్క ప్రభుత్వ మనిషి అతను.

జననం నమోదుకి గడువు 21 రోజులు. ఆ లోపు అయితే రుసుము లేదు. ఆ తర్వాత నెల లోపు ఆలస్య రుసుము, నెల దాటితే పై అధికారి అనుమతి, ఏడాది దాటితే మేజిస్ట్రేటు ఉత్తర్వు, ఇలా ముదురుతూ పోతుంది. ఆసుపత్రిలో పుడితే ఆసుపత్రివాళ్లే రిజిస్ట్రారుకి పంపుతారు కాబట్టి మాకు ఆ టెన్షన్ లేదు. మా బారసాల కూడా సరిగ్గా ఇరవై ఒకటో రోజునే. అంటే ప్రభుత్వం నమోదు ముగించే రోజుకి మా ఇంట్లో పేరు మొదలవుతుంది. అందుకే మొదట వచ్చిన సర్టిఫికెట్‌లో పాప పేరు గడి ఖాళీ. అది మామూలే, ఏడాది లోపు రాతపూర్వకంగా ఇస్తే రుసుము లేకుండానే పేరు ఎక్కిస్తారు. ఆ తర్వాత కూడా 15 ఏళ్ల దాకా రుసుముతో ఎక్కించుకోవచ్చు. పేరు ఎక్కించడానికని నాన్న మునిసిపల్ ఆఫీసుకి వెళ్లి, తిరిగొచ్చి సర్టిఫికెట్ నా చేతిలో పెట్టారు. పాప పేరు బాగానే ఉంది. తల్లి పేరు దగ్గర నేను కాని నేను ఉంది.

మొదట అంత పట్టించుకోలేదు. మా అమ్మ అయితే "పెళ్లయ్యాక అదే కదే నీ ఇంటిపేరు" అని తేల్చేసింది. అక్టోబరులో నీలం ఆధార్ తీయిద్దామని వెళ్లినప్పుడు తెలిసొచ్చింది.

ఐదేళ్ల లోపు పిల్లలకి ఇచ్చే ఆధార్ అది. వేలిముద్రలు, కంటిపాప ఏమీ తీసుకోరు, ఫొటో ఒక్కటే. పిల్లకి ఐదేళ్లు నిండాక ఒకసారి, పదిహేనేళ్లు నిండాక ఒకసారి వెళ్లి అవి ఇవ్వాలి. అమ్మో నాన్నో ఎవరో ఒకరు తమ ఆధార్ మీద వేలిముద్ర వేయాలి. కొత్తగా తీయించడానికి డబ్బు కట్టక్కర్లేదు. 2023 అక్టోబరు 1న, ఆ తర్వాత పుట్టిన పిల్లలకి బడికైనా, పాస్‌పోర్టుకైనా, ఆధార్‌కైనా పుట్టినతేదీ రుజువు బర్త్ సర్టిఫికెట్ ఒక్కటే. మా రోజుల్లోలా టెన్త్ మార్కుల లిస్టుతో సరిపెట్టేసుకోవడం కుదరదు.

పాపని ఒళ్లో పడుకోబెట్టుకుని గంటన్నర కూర్చున్నాక మా వంతు వచ్చింది. ఆపరేటర్ కుర్రాడు సర్టిఫికెట్ చూశాడు, నా ఆధార్ చూశాడు, మళ్లీ సర్టిఫికెట్ చూశాడు.

"మేడం, ఈవిడెవరు?"

"నేనే."

"ఆధార్‌లో ఈవిడ లేదు కదా."

పాప సరిగ్గా అప్పుడే లేచి ఏడుపు అందుకుంది. వెనకాల క్యూలోవాళ్లు తొంగి చూస్తున్నారు. నా బిడ్డని నేను ఎత్తుకుని, నా బిడ్డకి నేను తల్లినని ఒక పాతికేళ్ల కుర్రాడికి రుజువు చూపించుకోలేక నిలబడ్డాను. అతను మర్యాదగానే మాట్లాడాడు, అది ఒప్పుకోవాలి. ఉపాయం కూడా చెప్పాడు: "నాన్నగారి పేరు కరెక్టుగానే ఉంది కదండీ. ఆయన్ని తీసుకురండి, ఆయన వేలిముద్రతో అయిపోద్ది."

ఇంట్లో అందరికీ ఆ ఉపాయం నచ్చింది. మా ఆయన సంక్రాంతికి ఎలాగూ వస్తారు, అప్పుడు చేయిద్దాం అన్నారు. నాకే మనసు ఒప్పుకోలేదు. ఇప్పుడు నాన్న వేలిముద్రతో దాటేస్తాం సరే, రేపు బడిలో, ఎల్లుండి పాస్‌పోర్టు దగ్గర? పైగా, ఇది లెక్కలకి సంబంధం లేని మాట, కానీ తొమ్మిది నెలలు మోసింది నేను. ఆ కాగితంలో తల్లి గడిలో ఉండాల్సింది నేను. అక్కడ వేరే ఎవరి పేరో ఉంటే నాకు నిద్ర పట్టలేదు.

మునిసిపల్ ఆఫీసుకి వెళ్తే "ఆసుపత్రి నుంచి ఏం వచ్చిందో అదే మేం ఎక్కించాం, తప్పు వాళ్లదని వాళ్ల దగ్గర లెటర్ తెండి" అన్నారు. ఆసుపత్రికి వెళ్తే "మీవాళ్లు ఏం చెప్పారో అదే రాశాం" అన్నారు. రెండూ నిజమే, అదే ఇక్కడ చిక్కు. తప్పు ఎవరిదీ కాకపోతే సరిచేసే బాధ్యత కూడా ఎవరిదీ కాదు. రికార్డుల గదిలో ఉండాల్సిన ఉద్యోగి కోసమే రెండు రోజులు తిరిగాం. మూడోసారి వెళ్లినప్పుడు నర్సమ్మ ఇచ్చిన ఆ తల్లీబిడ్డల కార్డు బల్ల మీద పెట్టాను. అందులో మొదటి పేజీలో నా పేరు ఆధార్‌లో ఉన్నట్టే ఉంది, తేదీలతో, నమోదు నంబరుతో, పాప పుట్టిన రోజు ఆసుపత్రివాళ్లే రాసిన బరువుతో సహా. దాన్ని చూశాకే లెటర్ రాసిచ్చారు. ఆ తర్వాత నోటరీ అఫిడవిట్, ఇద్దరి ఆధార్‌లు, మా పెళ్లి సర్టిఫికెట్, మమ్మల్ని ఎరిగున్న ఇద్దరు సాక్షుల సంతకాలు. సాక్షుల్లో ఒకరు మా పక్కింటి పెద్దాయన. సంతకం పెట్టి కలం మూస్తూ, "ఈ అమ్మాయిని లంగా జాకెట్టు నాటి నుంచి ఎరుగుదునయ్యా, ఎవరో తెలీకపోవడమేటి?" అని అక్కడి గుమాస్తాని దబాయించాడు.

చట్టం ప్రకారం పాత రాతని చెరిపేయకూడదట. ఉన్నది ఉన్నట్టే ఉంచి, పక్కన మార్జిన్‌లో సరిదిద్ది సంతకం, తేదీ వేస్తారని ఆ గుమాస్తానే చెప్పాడు. అంటే ఎక్కడో ఒక రికార్డులో మా అత్తయ్యగారు చెప్పిన కోడలు అలాగే ఉంది, ఆవిడ పక్కన నేను.

జనవరిలో, అప్పటికి అత్తగారింటికి వచ్చేశాక, సచివాలయంలోనే ఆధార్ తీయించాం. ఫొటో కోసం పాపని మా ఆయన రెండు చేతులతో ఎత్తి పట్టుకుంటే నేను వెనక తెల్ల తుండు పరిచాను. కళ్లు తెరిచి కెమెరా వైపు చూడాలి. ఒకసారి ఆవలింత, ఒకసారి నాలుక బయట, ఒకసారి మా ఆయన చెయ్యి. చివరికి అక్కడి అమ్మాయి తాళంచెవుల గుత్తి ఆడించింది. పాప నోరు తెరుచుకుని ఆశ్చర్యంగా చూసింది. నీలం కార్డు మీద ఇప్పటికీ ఆ మొహమే.

ఇక అంగన్‌వాడీ. బాలింతలకి ఆరు నెలల దాకా బియ్యం, పప్పు, నూనె, గుడ్లు, పాలు, రాగిపిండి, బెల్లం, ఎండు ఖర్జూరం ఇస్తారు. పుట్టింటి దగ్గర అంగన్‌వాడీకి వెళ్తే టీచరు "నీ పేరు మీ అత్తగారి ఊళ్లో ఉందమ్మా, నా ఫోన్‌లో నువ్వు కనబడవు" అంది. అక్కడ అత్తయ్యగారు అడిగితే "మనిషి ఇక్కడ లేదు కదండీ" అన్నారు. టీచరు ఫోన్‌లో ఉండే ఆ అంగన్‌వాడీ యాప్, పోషణ్ ట్రాకర్‌లో ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి పేరు మార్చే వీలు ఉంది. ఆ సంగతి మాకు రెండు నెలలకి తెలిసింది. ఆ రెండు నెలల గుడ్లు, పాలు పోయినట్టే. మా అమ్మ కొన్నది, తిన్నాను, అది వేరే సంగతి. కొనలేని ఇంటి పిల్ల సంగతి ఆలోచిస్తేనే కోపమొస్తుంది. కాన్పుకి వెళ్లేముందే, అంటే శ్రీమంతం చీరలు కొనేటప్పుడే, టీచరుతో చెప్పి పేరు మార్పించుకుంటే అయిపోయేది.

టీకాలకి మాత్రం ఈ గొడవ లేదు. బుధవారమో శనివారమో కార్డు పట్టుకుని వెళ్తే ఏ ఊరని అడక్కుండా వేశారు. నెలన్నర, రెండున్నర, మూడున్నర నెలల సూదులన్నీ పుట్టింటి దగ్గరే. జ్వరమొస్తే ఎంత మందు వేయాలో కూడా చెప్పి పంపేవారు.

ఇప్పుడు ఆ 3,000 సంగతి.

అది రాలేదు. శ్రీమంతం నాటికి రాలేదు, కాన్పు నాటికి రాలేదు, పాప బోర్లా పడింది, అయినా రాలేదు. పుట్టింటి నుంచి నెలకి రెండుసార్లు ఆశ అక్కకి ఫోన్ చేసేదాన్ని. మొదట్లో "వస్తదమ్మా" అనేది, తర్వాత ఫోన్ ఎత్తడం తగ్గించింది. నేను మా ఆయనతో "ఎవరో తినేసుంటారు" అని కూడా అన్నాను. ఆ మాట ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

అత్తగారింటికి తిరిగొచ్చాక, 2025 ఫిబ్రవరిలో, రెండో విడతకి టీకాల పేజీ ఫొటో తీసుకోవడానికి ఆశ అక్క వచ్చింది. నా మొహం చూసి ఏమనుకుందో, "పద, ఇద్దరం వెళ్లి చూపిద్దాం" అని సచివాలయానికి తీసుకెళ్లింది. అక్కడ నర్సమ్మ నా నంబరు కొట్టి స్క్రీన్ నా వైపు తిప్పింది. మొదటి విడత జమ అయిపోయింది, 2024 జూన్‌లో. పక్కన బ్యాంకు పేరు, ఖాతాలో ఆఖరి నాలుగు అంకెలు. ఆ బ్యాంకులో నాకు ఖాతా లేదని గట్టిగా చెప్పబోయి, ఆగిపోయాను. ఉంది. డిగ్రీ మొదటి ఏడాది స్కాలర్‌షిప్ కోసం కాలేజీవాళ్లు అందరికీ కలిపి తెరిపించిన ఖాతా. దానికిచ్చిన ఫోన్ నంబరు నాన్నది, ఆ సిమ్ ఎప్పుడో పోయింది. మెసేజ్ వస్తే ఎవరికి వస్తుంది?

పెళ్లయ్యాక తణుకులో ఇంకో బ్యాంకులో ఖాతా తెరిచి ఆధార్ ఇచ్చాను. ఆధార్ ఇస్తే లింకైనట్టే అనుకున్నాను. కాదు. బ్యాంకు మన ఖాతాకి ఆధార్ రాసుకోవడం వేరు, ప్రభుత్వ డబ్బు వచ్చి పడేలా ఎన్‌పీసీఐ దగ్గర, అంటే బ్యాంకుల మధ్య చెల్లింపులు నడిపే సంస్థ దగ్గర, ఆ ఖాతాని జత చేయడం వేరు. రెండోదానికి విడిగా ఫారం మీద సంతకం పెట్టి అడగాలి. ఒక ఆధార్‌కి ఒక ఖాతానే జత అవుతుంది, ఆఖరున ఏది జత చేయిస్తే అది. నేను ఎప్పుడూ అడగలేదు కాబట్టి ఆ పాత స్కాలర్‌షిప్ ఖాతానే అలా ఉండిపోయింది.

ఇందులో మరీ నవ్వొచ్చేది ఏంటంటే, ఆ బ్యాంకు బ్రాంచి మా పుట్టింటి నుంచి నడిచి పది నిమిషాలు. ఏడు నెలలు అక్కడే ఉన్నాను. పాపకి జుబ్బాలు కొనడానికి దాని మెట్ల ముందు నుంచే వెళ్లాను. డబ్బు అక్కడ ఉన్నన్నాళ్లూ నేను అక్కడే ఉండి, రైల్లో మూడు గంటలకి పైగా ప్రయాణం చేసి ఇవతలికి వచ్చాక తెలిసింది.

మార్చిలో మళ్లీ వెళ్లి, కేవైసీ ఇచ్చి, పాస్‌బుక్ ప్రింట్ వేయించాను. మిషన్ చప్పుడు చేస్తూ ఐదేళ్ల వడ్డీలు, ఏడు రూపాయలు, తొమ్మిది రూపాయలు, కొట్టుకుంటూ వచ్చి ఒక లైనులో 3,000 దగ్గరికి చేరింది. కింద ఇంకో లైను, 700. జననీ సురక్ష యోజన కింద కాన్పుకి పల్లె తల్లికి ఇచ్చేది. అది వస్తుందని కూడా నాకు తెలియదు, అందుకే దాని కోసం ఎవరినీ సతాయించలేదు. ఆశ అక్కకి పుట్టింటి నుంచి అరకేజీ కాజాలు తీసుకెళ్లి ఇచ్చాను. "ఇప్పుడెందుకివన్నీ" అంటూనే డబ్బా తీసుకుంది, క్షమించినట్టే లెక్క. ఎన్‌పీసీఐ జత తణుకు ఖాతాకి మార్పించాక రెండో విడత 2,000 నేరుగా నా ఫోన్‌లో మెసేజ్‌తో సహా వచ్చింది. మొదటి కాన్పుకైతే ఆఖరి నెలసరి నుంచి 570 రోజుల లోపు దరఖాస్తు చేసుకోవచ్చు కాబట్టి, ఆలస్యమైందని భయపడి వదిలేసుకోనక్కర్లేదు.

రైస్ కార్డులో పాపని చేర్చడానికి 2025 మే దాకా ఆగాల్సి వచ్చింది, ఆ నెలలోనే మళ్లీ చేర్పులు మార్పులు మొదలుపెట్టారు. ఆధార్, సర్టిఫికెట్ రెండూ ఒకే మాట చెబుతున్నాయి కాబట్టి పది నిమిషాల్లో దరఖాస్తు అయిపోయింది. పాప వాటా ఐదు కిలోల బియ్యం. ఏడు నెలలు నిండినప్పటి నుంచి అంగన్‌వాడీ నుంచి బాలామృతం పిండి ప్యాకెట్ కూడా వస్తోంది, నెలకి రెండున్నర కిలోలు. పాప దాన్ని ఉమ్మేస్తుంది, మా అత్తయ్యగారు బెల్లం కలిపి ఉండలు చేసి తినేస్తున్నారు. టీచరుకి చెప్పకండి.

లెక్క చూస్తే చేతికొచ్చింది 5,700. నోటరీకి, ఆటోలకి, జిరాక్సులకి, ఆ రైలు ప్రయాణానికి రెండువేలు దాటింది. మొన్న మా ఆయన ఆ కాగితాలన్నీ ఒక జిప్ కవర్‌లో పెట్టి బీరువా పైన పెట్టారు.

పోయిన ఆదివారం వెనకింటివాళ్ల అమ్మాయి మా ఇంటికొచ్చింది. ఏడో నెల, వచ్చే వారం పుట్టింటికి రాజమండ్రి వెళ్తుంది. మా అత్తయ్యగారు ఆ పిల్లకి బొట్టు పెట్టి, పళ్లెంలో పళ్లు, జాకెట్టు ముక్క పెట్టి ఇచ్చి, గుమ్మం దాకా సాగనంపి, మళ్లీ వెనక్కి పిలిచారు. "ఇదిగో అమ్మాయ్, ఆసుపత్రిలో పేరు అడిగితే మీ అమ్మనీ చెప్పనివ్వకు, మీ అత్తనీ చెప్పనివ్వకు. ఆధార్ కార్డు తీసి చేతిలో పెట్టెయ్. ఆయ్, మరి!"